వేలు ముందు, అలుగు తర్వాత

ఫోను మోగినప్పుడు నేనూ అత్తయ్యా వంటింట్లో కూర్చుని చెస్ట్‌నట్ గింజల తోలు తీస్తున్నాం. పైతోలు సుఖంగానే వస్తుంది. లోపలి పల్చటి పొరే ప్రాణం తీస్తుంది. అత్తయ్య గిన్నె నిండిపోతోంది, నా గిన్నెలో అడుగు కూడా కప్పలేదు. చేతులు తుడుచుకుంటూ ఆవిడే లేచి వెళ్ళి ఫోను తీసింది.

పెద్దవాళ్ళతో ఫోనులో మాట్లాడేటప్పుడు అత్తయ్య నడుం వంచి దండాలు పెడుతుంది. అవతలివాళ్ళకి కనబడవు కదా అని నేనోసారి అంటే, "గొంతులో వినబడతాయి" అంది. ఆ రోజు అలా వంగి వంగి, ఆఖరి దండానికి తల తగిలి గోడ మీది క్యాలెండరు ఊడి పడింది. దాన్ని తీసి తగిలించకుండానే నా వైపు తిరిగింది.

"సెగావా మేస్త్రి. కొండ మీది గుడిలో పెద్ద మండపం విప్పి మళ్ళీ కడుతున్నారట. స్తంభాలకి ఆఖరి చిత్రిక పట్టే అలుగు నూరుకోవడానికి సానరాయి కావాలట. మనింటిదే కావాలట. జింపెయ్ వేలు ఏ రాయి మీద ఆగితే అదే, ముద్ర వేసి ఉంచమను, చలి ముదిరేలోపు తీసుకుంటా అన్నాడు."

జింపెయ్ అంటే మా మావయ్య గారు. రాళ్ళు తవ్వే సొరంగం మూతపడినప్పటి నుంచి మా ఇంటికి అలాంటి ఫోను రాలేదు. వడ్రంగులంతా ఫ్యాక్టరీలో పోతపోసిన రాళ్ళకి అలవాటు పడిపోయారు. షెడ్డు నిండా కొండ కడుపులోంచి తెచ్చిన రాళ్ళున్నాయి, అడిగేవాళ్ళే లేరు. ఈ చలికాలం దాకా చూసి, ఆ తర్వాత షెడ్డుకి తాళం వేసి ఊళ్ళో కలప డిపోలో పనికి చేరిపోతానని మా ఆయన కెన్సాకు పెళ్ళికి ముందే నాతో చెప్పాడు. కానీ సెగావా మేస్త్రి ఏ రాయి మీద నూరితే ఆయన కింద పనిచేసే వడ్రంగులందరూ అదే రాయి కోసం వస్తారు. ఆ ఒక్క రాయి మంచిదైతే చాలు.

ఆ కబురు చెప్పడానికి నేను చెప్పుల్లేకుండా పెరట్లోకి పరిగెత్తాను. కెన్సాకు తడి ఏప్రను కట్టుకుని రాళ్ళు కడుగుతున్నాడు. విని, ఆ ఏప్రనుతోనే నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. నా బట్టలన్నీ తడిసిపోయాయి. వంటింటి కిటికీలోంచి అత్తయ్య, "గింజలు మిగిలున్నాయి, కోడలు కూడా కొంచెం మిగిల్తే పంపించు" అని అరిచింది. పెళ్ళై ఆర్నెల్లు కాలేదు అప్పటికి. నాకు ఆ ఇంట్లో అన్నీ బావుండేవి. తలుపు కిర్రుమనడం బావుండేది, గూట్లో రెండు పళ్ళ బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడడం బావుండేది, నిద్రలో కూడా కెన్సాకు చేతులకు వచ్చే తడిరాతి వాసన బావుండేది.

మావయ్య గారు మాత్రం షెడ్డు గుమ్మంలో నిలబడి విన్నారు. "ఊఁ" అన్నారు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆయనకు సంతోషం వస్తే అలాగే ఉంటుందేమో అనుకున్నాను.

*

మర్నాటి నుంచి నన్నూ షెడ్డులో పనికి పెట్టారు. రాళ్ళను గోడ పొడుగునా అరల్లో, పాత న్యూస్‌పేపర్లలో చుట్టి ఉంచుతారు. ఒక్కో పొట్లం విప్పుతుంటే నాకు పెళ్ళి కానుకలు విప్పినంత సరదాగా ఉండేది. లేత పసుపు రాళ్ళు, నీళ్ళు పడితే ఆకుపచ్చకి తిరిగే నీలపు రాళ్ళు, కాకి వాలి రెక్క విదిల్చినట్టు నల్లమచ్చలున్నవి, పియర్ పండు తొక్కలా చుక్కచుక్కలుగా ఉన్నవి. ఏదీ మట్టంగా లేదు. కొండలోంచి ఊడొచ్చిన రాయికి గుంటలూ గుట్టలూ ఉంటాయి. ముఖం మట్టంగా లేని రాయి మీద నూరితే చిత్రికలో బిగించే ఇనుప అలుగు అంచు కూడా వంకరే తిరుగుతుంది.

మట్టం చేయడం మావయ్య గారే నేర్పారు. రాయి ముఖమంతా పెన్సిలుతో గళ్ళు గీయాలి. నీళ్ళు పోసి, ఇంకో రాయిని దాని మీద పెట్టి రుద్దాలి. ఎత్తుగా ఉన్నచోట గీతలు ముందు చెరిగిపోతాయి, గుంటల్లో మిగిలిపోతాయి. గీతలన్నీ పోయేదాకా రుద్దాలి. చివర్న ఇనుప బద్దను నిలువుగా ఆనించి కిటికీ వైపు పట్టుకుని చూడాలి. కిందినుంచి సన్నటి వెలుగు గీత కనబడిందంటే ఇంకా పని ఉన్నట్టే.

"రెండు రాళ్ళనే పట్టుకుని రుద్దావనుకో," అన్నారాయన, "ఒకటి పళ్ళెంలా గుంటపడుతుంది, ఒకటి బోర్లించిన పళ్ళెంలా ఉబ్బుతుంది. రెండూ ఒకదాంట్లో ఒకటి చక్కగా కూర్చుంటాయి. చూసేవాడికి మట్టం అనే అనిపిస్తుంది. అందుకని మూడో రాయి ఉండాలి. మొదటిదాన్ని రెండోదానికి, రెండోదాన్ని మూడోదానికి, మూడోదాన్ని మళ్ళీ మొదటిదానికి. అలా మార్చి మార్చి రుద్దితే ఏ ఒక్కటీ అబద్ధం ఆడలేదు."

టీ తెచ్చిన అత్తయ్య గుమ్మంలో నిలబడి విని, "కొత్త జంట కనబడితే చాలు, ఈయన ఈ పాఠమే చెప్తారు" అంది. "దాని అర్థం ఏమిటంటే మధ్యలో అత్తగారు ఉండాలని."

"నేను రాళ్ళ సంగతి చెప్తున్నానే" అన్నారు మావయ్య గారు.

"నేనూ రాళ్ళ సంగతే అంటున్నా" అంది అత్తయ్య, నా చేతికి టీ ఇస్తూ.

మట్టమైన ప్రతి రాయికీ ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తాతల నాటిది. వేలు ముందు, అలుగు తర్వాత. కొత్తగా మట్టం చేసిన ముఖం మీద మొదట మావయ్య గారే చేయి పెట్టాలి. అప్పటిదాకా ఇంకెవరూ తాకకూడదు, మంచిదనో చెడ్డదనో నోరెత్తకూడదు. ఆయన తడి రాయి మీద వేలి కొసలను అటూ ఇటూ పోనిచ్చి, నచ్చితే వెనకవైపు సిరా ముద్ర వేస్తారు. ఆ తర్వాతే కెన్సాకు అలుగు పెట్టి నూరి చూడాలి. వేరే ఇళ్ళల్లో ముందే నూరి చూసుకుంటారట. కానీ కొన్ని రాళ్ళల్లో ముల్లు ఉంటుంది. ముల్లంటే రాతి పొరల మధ్య ఇరుక్కున్న గట్టి రవ్వ. కంటికి కనబడదు. మంచి అలుగు దాని మీదుగా వెళ్ళిందంటే అంచు పొడుగునా గీత పడుతుంది, అలుగును మళ్ళీ మొదటినుంచీ నూరుకోవాలి. అందుకే వేలికి దొరకాలి, అలుగుకి దొరక్కూడదు. జింపెయ్ ముద్ర ఉన్న రాయికి ముల్లు ఉండదని కొండకి ఇవతలా అవతలా చెప్పుకుంటారు.

ఆయన రాళ్ళు చూస్తుంటే నేను పని ఆపి మరీ చూసేదాన్ని. ముందు కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటారు. నోటి ఆవిరి ఊది, అది ఎంతసేపటికి ఆరిపోతుందో చూస్తారు. తర్వాత వేళ్ళు పోనిస్తారు. ఆ తర్వాత, ఎవరూ చూడటంలేదు అనుకున్నప్పుడు, రాయిని ఎత్తి కింది పెదవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంటారు.

"మీ నాన్నగారు రాళ్ళకి ముద్దులు పెడుతున్నారు" అన్నాను ఆ సాయంత్రం కెన్సాకుతో.

"మా అమ్మతో చెప్పకు. తనకి ఎప్పుడూ పెట్టినట్టు లేదు" అని నవ్వాడు. తర్వాత, "ఇదివరకు అలా చేసేవారు కాదే" అన్నాడు. అంతటితో వదిలేశాడు.

నా చేతికి కూడా రాళ్ళిచ్చేవారు మావయ్య గారు. ఆయన చూసి పక్కన పెట్టేసినవే. "ఏముంది?" అని అడిగేవారు. మొదటి రోజు "తడిగా ఉంది మావయ్యా" అన్నాను. ఆయన భుజాలు కదిలేలా నవ్వారు. నేను కాలేజీలో రసాయన శాస్త్రం చదివినదాన్ని, రాయిలో ఏమేమి ఉంటాయో చెప్పగలను. కానీ ఆయన అడిగేది అది కాదు. మెల్లగా నాకు తోచిన మాటలే చెప్పడం మొదలుపెట్టాను. ఇది గుడ్డు పెంకు లోపలివైపులా ఉంది. ఇది మెత్తటి సోయాపాల తోఫులా ఉండి కిందేదో గట్టిగా తగులుతోంది. ఇది మీ అబ్బాయి గడ్డం గీసుకున్న గంట తర్వాతి బుగ్గలా ఉంది. ఆ చివరిమాట అనేశాక సిగ్గుపడి తల దించుకున్నాను. ఆయన మాత్రం ఎంతో శ్రద్ధగా విని, "పొద్దున గీసుకున్నదా, సాయంత్రం గీసుకున్నదా?" అని అడిగారు.

*

మా ఊళ్ళో శరదృతువు ముదిరేకొద్దీ పొద్దున్నే పొగమంచు లేస్తుంది. ఎదురింటి కప్పు కూడా కనబడదు. టర్నిప్ పొలాల్లో మనుషులు మాట్లాడుకుంటుంటే గాల్లోంచి మాటలు ఊడిపడుతున్నట్టు ఉంటుంది. అలాంటి ఒక పొద్దున కెన్సాకు బజారుకి వెళ్ళాడు. నేను షెడ్డులో నిప్పుల కుంపటి మీద టీ నీళ్ళు కాస్తున్నాను. మావయ్య గారు వచ్చి కెటిల్‌ను తీసి కప్పులో పోశారు.

పిడి పట్టుకుని కాదు. ఎడంచేత్తో కెటిల్ పొట్ట పట్టుకుని పోశారు.

ఆయన నింపాదిగా కప్పు నింపి, కెటిల్ దించి, నా ముఖం చూశాక గానీ తన చేయి చూసుకోలేదు. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. వేళ్ళు మాత్రం ఎర్రబడలేదు. రెండో కణుపు దాకా మైనపు ఒత్తుల్లా తెల్లగా ఉన్నాయి.

ఆయన చేతిని చన్నీళ్ళ తొట్టిలో పెట్టించి, పక్కన కూర్చున్నాను.

"సొరంగంలో డ్రిల్లు పట్టుకున్నవాళ్ళందరికీ ఇది ఉంటుంది" అన్నారు. "చలికి వేళ్ళు తెల్లబడతాయి, చెయ్యి మొద్దుబారుతుంది. ఇదివరకు కుంపటి దగ్గర కాసేపు కూర్చుంటే తిరిగొచ్చేవి. పోయిన చలికాలం వెళ్ళినవి మళ్ళీ రాలేదు."

"డాక్టరుకి చూపించారా మావయ్యా?"

"చూపించా. వెచ్చగా పెట్టుకోమన్నాడు. పనిలోకి వెళ్ళొద్దన్నాడు. రెంటిలో ఒకటి వింటున్నాగా." మెడలో ఉన్న మఫ్లరు చూపించారు.

"అందుకేనా పెదవితో..."

"పెదవి మంచిదే. కానీ పెదవి ముల్లుని పట్టుకోలేదు. అంత గట్టిగా ఒత్తలేం." నీళ్ళలో చేతిని అటూ ఇటూ తిప్పారు. "కెన్సాకుకి చెప్పకు తల్లీ."

"ఎందుకు చెప్పకూడదు?"

"వాడికి తెలిసిన మరునిమిషం మేస్త్రికి ఫోను చేసి మా నాన్న వల్ల కాదని చెప్పేస్తాడు. వాడి నిజాయితీ అలాంటిది. ఒక్క రాయమ్మా. ఈ ఒక్క రాయీ చూసిచ్చి మానేస్తా. నలభై ఏళ్ళు ఈ వేళ్ళతో బతికి, ఆఖర్న పనికిరావని ఫోనులో చెప్పించుకోలేను."

"అత్తయ్యకి తెలుసా?"

ఆయన నవ్వారు. "నా చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారనుకున్నావు?"

చెప్పనని మాట ఇచ్చాను. ఇచ్చాక తెలిసింది అదెంత కష్టమో. అప్పటిదాకా నేను కెన్సాకుకి చెప్పని విషయం లేదు. దార్లో కనబడ్డ పిల్లి సంగతీ చెప్పేదాన్ని, ఆ పిల్లి నా వైపు ఎలా చూసిందో కూడా చెప్పేదాన్ని. ఇప్పుడు నోరు తెరిస్తే ఏం బయటపడుతుందోనని అన్నం గిన్నెలోకే చూస్తూ తింటున్నాను. రెండు రోజులు చూసి, కెన్సాకు నా చేతిలోంచి నీళ్ళ బకెట్టు లాక్కున్నాడు.

"నువ్వు బరువులు మొయ్యకు" అన్నాడు, గొంతు తగ్గించి. చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మకి చెప్పావా?"

"ఏమని?"

"అదే. విశేషం."

అర్థమయ్యేసరికి నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "అలాంటిదేం లేదు కెన్సాకు సాన్" అన్నాను. అతను నమ్మలేదు. ఆ వారమంతా నేను పెన్సిలు ఎత్తినా పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. భోజనాల దగ్గర అత్తయ్య మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఏమీ అడక్కుండా నా అన్నంలో ఇంకో చెస్ట్‌నట్ వేసేది. అబద్ధం ఆడకుండానే ఇల్లంతా అబద్ధం నిండిపోయినట్టు అనిపించేది నాకు.

*

మావయ్య గారు మేస్త్రి కోసం ఎంచిన రాయి సొరంగం మూసేముందు తీసినవాటిలో ఒకటి. నీలపు రాయి. అంత పెద్ద ముక్క ఇంక దొరకదన్నాడు కెన్సాకు. నేనూ ఆయనా మార్చి మార్చి రెండు వేరే రాళ్ళతో రుద్ది దాన్ని మట్టం చేశాం. అంచులు పెచ్చులూడకుండా వాటి పదును కొద్దిగా అరగదీసి, నీళ్ళు దిగి పొరలు విడిపోకుండా నాలుగు పక్కలా లక్క పూశాం. ఇనుప బద్ద కింద వెంట్రుకంత వెలుగు కూడా లేదు. నీళ్ళు చల్లితే చెరువు అడుగున ఆకాశం చూస్తున్నట్టు ఉంది.

ఆయన తట్టి విన్నారు. ఊదారు. వేళ్ళు పోనిచ్చారు, ఒకసారి కాదు, చాలాసార్లు. కెన్సాకు అలుగుతో తయారుగా నిలబడి ఉన్నాడు కాబట్టి పెదవికి ఆనించలేదు. నేను ఆయన ముఖం వైపే చూస్తున్నాను. ఆయన నా వైపు చూడలేదు. రాయిని తిప్పి, ముద్ర తీసుకుని, సిరా అద్ది, వెనకవైపు గట్టిగా ఒత్తారు.

కెన్సాకు ఆనందంగా రాయిని బల్ల మీద బిగించి, నీళ్ళు చల్లి, చిత్రిక అలుగు పెట్టి నూరడం మొదలుపెట్టాడు. రాయి మీద పాలలాంటి బురద తేలింది. చేయి ముందుకీ వెనక్కీ నున్నగా సాగుతోంది, పట్టు మీద ఇస్త్రీ పెట్టె సాగినట్టు. ఆ చప్పుడు వింటే ఎవరికైనా నిద్ర వస్తుంది.

అప్పుడు టిక్ మని చిన్న చప్పుడు. అన్నంలో రాయి పంటికి తగిలినంత.

కెన్సాకు ఆగిపోయాడు. అలుగు కడిగి, తుడిచి, కిటికీ వైపు పట్టుకున్నాడు. అద్దంలా మెరుస్తున్న ఇనుము మీద ఈ చివర్నించి ఆ చివరికి ఒక తెల్లటి గీత.

బయట టర్నిప్‌లు కడుగుతున్న అత్తయ్య కూడా నీళ్ళు పోయడం ఆపేసింది. షెడ్డులోంచి చప్పుడు ఆగిపోతే ఆవిడకి తెలుస్తుంది.

"నాన్నా" అన్నాడు కెన్సాకు. కోపంగా లేదు అతని గొంతు. అర్థం కానట్టు ఉంది. "మీరు చూసిందే కదా ఇది?"

మావయ్య గారు బల్ల దగ్గరికి వచ్చి రాయిని విడదీసి, వెనక్కి తిప్పి, గరుకు రాయి ముక్క ఒకటి తీసుకుని తన ముద్రను అరగదీయడం మొదలుపెట్టారు. సిరా నల్లటి నీళ్ళై బల్ల మీదికి కారింది. గరుకురాయి వేళ్ళలోంచి జారిపోయింది. తీసుకున్నారు. మళ్ళీ జారింది. ఈసారి కిందపడి రెండు ముక్కలైంది.

నేను వంగి ఆ ముక్కలు ఏరి బల్ల మీద పెట్టాను.

"ఫుమినో," అన్నారాయన నన్ను చూడకుండా. "చేతులు కడుక్కుని రా."

కడుక్కుని వచ్చాను. ఆయన రాయిని మళ్ళీ ముఖం పైకి తిప్పి, బురద కడిగేసి, కాసిని నీళ్ళు చల్లి నా వైపు జరిపారు.

"కళ్ళు మూసుకుని వేళ్ళు పోనీ."

ఆ ఇంట్లో ఆయన ముద్ర వేసిన రాయి మీద ఇంకొకరు వేలు పెట్టడం నేను చూడలేదు. కెన్సాకు వైపు చూశాను. అతను నా వైపు కాదు, తన తండ్రి చేతుల వైపు చూస్తున్నాడు.

కళ్ళు మూసుకున్నాను. గుడ్డు పెంకు లోపలివైపు. ఇంకా గుడ్డు పెంకే. చల్లగా, నున్నగా, ఎక్కడా ఏమీ లేదు. వేళ్ళని వెనక్కి తెచ్చి, కొంచెం ఒత్తి, అడ్డంగా పోనిచ్చాను. కుడివైపు మూల దగ్గర, నిద్రలో దోమ వాలినంత, ఏదో.

"ఇక్కడ" అన్నాను. "ఇక్కడ ఒకటి. దాని కింద, కొంచెం కిందగా, ఇంకోటి ఉందేమో. తెలీడం లేదు, ఉన్నట్టుంది."

పెన్సిలు గీసిన చప్పుడైంది. కళ్ళు తెరిచేసరికి కెన్సాకు భూతద్దంతో వంగి చూస్తున్నాడు. నేను చూపించిన చోట ఆవగింజలో వందో వంతు ఉన్న బూడిదరంగు రవ్వ. దాని కిందనే, రాతి పొరలో ఇంకా బయటపడనిది, నీడలా ఇంకోటి.

"నాకు అందలేదు" అన్నారు మావయ్య గారు. అంతే అన్నారు.

కెన్సాకు భూతద్దం పక్కన పెట్టాడు. కుంపటి మీద మరుగుతున్న నీళ్ళను తొట్టిలో చన్నీళ్ళతో కలిపి, మోచేత్తో వేడి చూసుకుని, ఆయన ముందుకి తెచ్చాడు. తండ్రి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని నీళ్ళలోకి దించి, అలాగే పట్టుకుని కూర్చున్నాడు. చిన్నపిల్లాడికి చేతులు కడిగిస్తున్నట్టు ఒక్కో వేలూ రుద్దుతున్నాడు. నేను తువ్వాలు తేవడానికి బయటికి వెళ్ళాను. నిజానికి తువ్వాలు అక్కడే ఉంది.

పెరట్లో అత్తయ్య టర్నిప్ తొట్టి దగ్గర నిలబడి ఉంది.

"తెలిసిందా వాడికి?"

తల ఊపాను.

"హమ్మయ్య" అంది అత్తయ్య, కొంగు లాంటి తన తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకుంటూ. "ఏడాది నుంచీ వాడి ముందు నటించి నటించి నా నడుం పడిపోయింది." తర్వాత నా పొట్ట వైపు చూసి, "అయితే విశేషం లేదన్నమాట" అంది.

"లేదత్తయ్యా."

"సర్లే, తొందరేముంది. ఉన్న పిల్లలతోనే వేగలేకపోతున్నాను."

*

ఆ తర్వాత షెడ్డులో పద్ధతి మారిపోయింది. మారుద్దామని ఎవరూ అనలేదు. మావయ్య గారు తట్టి వింటారు, ఆవిరి ఊది చూస్తారు, ఇప్పుడు దాపరికం లేకుండా పెదవికి ఆనిస్తారు. "పర్వాలేదు, చూడు" అని నాకిస్తారు. నేను వేళ్ళు పోనిచ్చి నాకు తోచింది చెప్తాను. ఆయన ఇంకా అడుగుతారు. పైకి తగిలిందా, లోపల్నించి తగిలిందా, వేలు వెనక్కి వచ్చేటప్పుడు కూడా ఉందా. సందేహం ఉంటే పక్కన పెట్టేస్తారు. లేకపోతే కెన్సాకు అలుగు తీస్తాడు. నీలపు రాయి మూలను చిన్న ఉలితో తొలిచి ముల్లు తీశారు గానీ, దాన్ని వంటింటి కత్తులకి ఇచ్చేద్దామన్నారు. "ముల్లున్నది చెడ్డ రాయి కాదు. ముల్లుందని చెప్పి ఇవ్వాలి, అంతే."

నేను తప్పులు కూడా చేశాను. లేని ముళ్ళు ఉన్నాయన్నాను. ఒకసారి నా వేలికే పుల్ల గుచ్చుకుని ఉంటే, నాలుగు మంచి రాళ్ళు వరసగా ముళ్ళ రాళ్ళని పక్కన పెట్టించాను. ఆ సంగతి భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. కెన్సాకు అయితే నవ్వి నవ్వి మిసో సూపు పొలమారి దగ్గాడు. ఇక దాచేది ఏమీ లేదు కాబట్టి రోజూ దార్లో కనబడ్డ పిల్లుల సంగతులన్నీ అతనికి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను.

చివరికి దొరికిన రాయి అందమైనది కాదు. చిన్నది, ఒక మూల కొంచెం చితికినది, మాసిన పసుపు రంగు, మధ్యలో కాకి మచ్చలు. అరలో అడుగున, దేనికో ఎత్తుకి పెట్టినట్టు ఉంది. మావయ్య గారు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, చాలాసేపు దించలేదు. తర్వాత నా వేళ్ళకి అందింది చెప్పడానికి నాకు ఏ పోలికా దొరకలేదు. ముఖమంతా ఈ చివర్నించి ఆ చివరికి ఒకే ఒక్క మాటలా ఉంది. "ఏమీ లేదు మావయ్యా" అన్నాను. "ఏమీ లేకపోవడం కూడా ఇంత బావుంటుందా?"

కెన్సాకు దాని మీద అలుగు నూరి, చిత్రికలో బిగించి, సైప్రస్ చెక్క మీద ఒక్కసారి లాగాడు. చిత్రిక నోట్లోంచి వచ్చిన పొర కిందికి పడలేదు. కిటికీ దగ్గర గాల్లో కాసేపు అటూ ఇటూ తేలి, అత్తయ్య ఆరేసిన చొక్కా మీద వాలింది. దానిలోంచి చొక్కా మీది గళ్ళన్నీ కనబడ్డాయి.

కెన్సాకు వెంటనే వెళ్ళి ముద్ర, సిరా తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. మావయ్య గారు వాటిని ముట్టుకోలేదు.

"ముద్ర వెయ్యను" అన్నారు.

"ఎందుకు నాన్నా? ఇంతకన్నా మంచి రాయి మనింట్లోంచి ఎప్పుడైనా వెళ్ళిందా?"

"వెళ్ళలేదు. కానీ ఆ ముద్రకి అర్థం జింపెయ్ వేలు దీని మీద ఆగిందని. నా వేలు ఆగలేదు. నా చెవి ఆగింది, ఫుమినో వేలు ఆగింది."

"మేస్త్రి ముద్ర ఉన్నదే కావాలన్నాడు" అన్నాడు కెన్సాకు మెల్లగా. "ముద్ర లేకపోతే తీసుకుంటాడా?"

"తెలీదు."

"తీసుకోకపోతే?"

మావయ్య గారు రాయిని పొడి గుడ్డతో తుడిచి, కొత్త న్యూస్‌పేపరులో చుట్టారు. చుట్టడం ఆయన వేళ్ళకి కష్టమే. మేం ఎవరం సాయం చేయబోలేదు. ఆయన కూడా అడగలేదు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర అత్తయ్య చేసిన టర్నిప్ ఊరగాయ తొలి జాడీ విప్పితే, అది ఇంకా ఊరలేదని కెన్సాకు అన్నాడు, ఊరిందని నేను అన్నాను. రేడియోలో రేపటి నుంచి చలి పెరుగుతుందని చెప్తున్నారు. మావయ్య గారు లేచి రేడియో ఆపారు.

"మేస్త్రి ఇక్కడికి వచ్చేదాకా ఆగొద్దు" అన్నారు, నిలబడే. "రేపు మనమే కొండ మీదికి వెళ్దాం. ముద్ర లేని రాయి తెచ్చానని ముందే చెప్తా. ఎందుకు లేదో కూడా నా నోటితో నేనే చెప్తా, ఈ చేతులు చూపించి. తర్వాత ఆయన అలుగు తీసేలోపు ఫుమినో ఆయన ముందు రాయి మీద చేయి పెడుతుంది. ఎలా చూసిందో చెప్తుంది. మన పద్ధతి మనదే కదా. తీసుకుంటే తీసుకుంటాడు, వద్దంటే వెనక్కి తెచ్చుకుందాం."

"నాకు అంతమందిలో మాటలు రావు మావయ్యా" అన్నాను. "మళ్ళీ గడ్డం, బుగ్గ అనేస్తాను."

"అదే అను" అన్నారాయన. "మేస్త్రికి కూడా గడ్డం ఉంది." కెన్సాకు వైపు తిరిగారు. "పొగమంచు ఉండగానే వ్యాను తియ్యి. నేను వెనక కూర్చుంటా. అమ్మాయిని ముందు సీట్లో కూర్చోబెట్టు, రాయి ఒళ్ళో పెట్టుకోవాలి."